కాలికి కట్టిన గడియారం

కంప్యూటరు తెరమీద గీత తిన్నగా పడుకుని ఉంది. మూడు నెలల గీత. ఎక్కడా ఒక ఎత్తు లేదు, ఒక పల్లం లేదు.

"ఇది మీది," అన్నాడు గ్రాఫుగారు, పెన్ను మూతతో తెరమీద తట్టి. "ఇది ఇంకో పేషెంటుది. తేడా మీరే చూడండి."

ఆ ఇంకో పేషెంటు గీత రంపం పళ్ళలా లేస్తూ పడుతూ మహా హుషారుగా ఉంది. టైలరు రెండింటినీ చూశాడు. ఆసుపత్రిలో లెక్కలు చూసే ఆయనకి గ్రాఫుగారన్నది పేషెంట్లు పెట్టుకున్న పేరు. ఎదురుగా మనిషి కూర్చుని ఉన్నా ఆ మనిషి సంగతి గీతనే అడుగుతాడు కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. మంచివాడే, పనిదొంగ కూడా కాదు. కాకపోతే చొక్కా ఎడమ భుజం కుట్టు అర అంగుళం కిందికి జారి ఉంటుంది. మూడు నెలలుగా టైలరు దాన్ని చూసి లోలోపల బాధపడుతున్నాడు.

టైలరుకి పుట్టుకతోనే హీమోఫీలియా. రక్తం గడ్డకట్టదు. సూదులతో పని కదా, గుచ్చుకుంటే ఎలాగయ్యా అని ప్రతివాళ్ళూ అడుగుతారు గానీ, సూదితో అతనికి ఎప్పుడూ పేచీ లేదు. కాసేపు వేలు నొక్కి పట్టుకుంటే సరిపోతుంది. పేచీ అంతా కీళ్ళ లోపల. చెప్పాపెట్టకుండా లోపల రక్తం కారుతుంది, కీలు ఉబ్బుతుంది, తగ్గుతుంది, మళ్ళీ ఉబ్బుతుంది. అలా నలభై ఒక్క ఏళ్ళకి ఎడమ చీలమండ తుప్పుపట్టిన తలుపు బందులా తయారైంది. అలాంటివాళ్ళు పదిమందికి ఈ ఆసుపత్రిలో ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. రక్తం కారాక పరిగెత్తుకు రావడం కాకుండా, ముందుగానే వారానికి రెండు ఇంజెక్షన్లు. వాటి అండతో రోజూ వ్యాయామం. చేస్తున్నదీ లేనిదీ తెలియడానికి మణికట్టుకి ఒక పట్టీ. చూడటానికి గడియారమే గానీ టైము చూపించదు. మనిషి వ్యాయామంలా ఎడతెగకుండా ఎన్ని అడుగులు కదిలాడో లెక్కపెట్టి ఫోను ద్వారా ఆసుపత్రికి చేరేస్తుంది.

"రోజూ అరగంటకి తక్కువ కాకుండా చేశానని డైరీలో రాశారు. పట్టీలో సున్నా. నేను దేన్ని నమ్మాలి?"

"రాసింది నేనే కదండీ. నన్ను నమ్మండి," అన్నాడు టైలరు.

మూడు నెలలూ సున్నాలే వస్తుంటే మొదటి వారంలోనే ఒక మాట అడగొచ్చు కదా అని ఎవరికైనా తోస్తుంది. అక్కడ ఎవరికీ తోచలేదు. ఇప్పుడు లిస్టు తయారుచెయ్యాల్సి వచ్చింది కాబట్టి చూశారు.

పక్కన నిలబడ్డ, వ్యాయామాలు నేర్పే ఫిజియో ముఖం చిన్నబోయి ఉంది. పాతికేళ్ళ పిల్ల, వయసు చిన్నది, ఓపిక పెద్దది. "'నేను ఇంట్లోనే మిషన్ తొక్కుతాను మేడమ్' అన్నారు కదా సర్ మొదటిరోజు. ఒక్కరోజైనా ఎక్కారా?"

"ఎక్కడమేంటి మేడమ్, పొద్దున లేస్తే దాని ముందు కూర్చోవడమే నా పని."

"కూర్చుంటే ఏం లాభం సర్, తొక్కాలి కదా!"

"తొక్కుతున్నాననే కదా మొత్తుకుంటున్నాను!"

గ్రాఫుగారు గొంతు సవరించుకున్నాడు. "బయట పదకొండుమంది ఎదురుచూస్తున్నారు. చెయ్యనివాళ్ళ చోటు చేసేవాళ్ళకి ఇవ్వాలి. శుక్రవారం పెద్దడాక్టరుగారు సంతకం పెడతారు. మీ పేరు తీసేసే లిస్టులో ఉంది. ముందే చెప్పడం నా ధర్మం."

టైలరుకి తల తీసేసినట్టయింది. ఇంజెక్షన్లు పోతాయన్నది ఒక బాధ. మళ్ళీ పాత బతుకే, కాలు ఎప్పుడు ఉబ్బుతుందా అని కనిపెట్టుకుని ఉండటమే. కానీ అంతకన్నా, అన్ని ఫైళ్ళ మధ్య అబద్ధాలకోరు కింద జమైపోవడం అతనికి మింగుడుపడలేదు. ఇరవై ఏళ్ళలో ఒక్క జేబు వంకరగా కుట్టిన మనిషి కాదు.

బయట బెంచీ మీద అక్క కూర్చుని ఉంది. తమ్ముడు ముఖం చూడగానే విషయం సగం అర్థమైంది. లిఫ్టు ముందు జనం ఉండటంతో ఇద్దరూ మెట్లవైపు నడిచారు. అతను మెట్లు దిగే పద్ధతి ఒకటుంది. రెయిలింగు పట్టుకుని పక్కకి తిరిగి ఒక్కో మెట్టుకీ రెండు పాదాలూ ఆనించి దిగుతాడు. అక్క ఒక మెట్టు ముందు దిగి వెనక్కి తిరిగి చేతులు చాపి ఉంటుంది, పడితే పట్టుకుందామని.

"మెల్లగా," అంది. తర్వాతి మెట్టు దగ్గర మళ్ళీ, "మెల్లగా."

అతనికి మాటలు వచ్చిన దగ్గర్నించీ ఆ మాట వింటూనే ఉన్నాడు.

మర్నాడు పొద్దున్నే షాపు తెరిచాడు. ఇంటి ముందు గదే షాపు. వీధిలోకి ఒక అద్దాల తలుపు, గోడకి కత్తెర్లు, పొడుగాటి బల్ల, కిటికీ వెలుగు పడేచోట మిషను. బల్లమీద ఒక స్కూలు పరుగుపందెం జట్టుకి కుట్టాల్సిన నలభై పంట్లాములు ఉన్నాయి. నీలం గుడ్డ, పక్కన పైనుంచి కిందిదాకా నారింజరంగు గీత. జీవితంలో పది అడుగులు పరిగెత్తని మనిషి, ఊళ్ళో పరిగెత్తే పిల్లలందరికీ బట్టలు కుడుతున్నాడు. ఈ సంగతి మీద అతనే జోకులు వేస్తుంటాడు. ఆరోజు వెయ్యలేదు.

అక్క గుండీలు కుట్టే చోట కూర్చుని దారం కొరికింది. "పోతే పోయిందిలేరా. ఇప్పుడైనా నా మాట విని మోటారు బిగించుకో. మీ బావ తెచ్చి ఆర్నెల్లయింది. వేలితో నొక్కితే తిరుగుతుంది. కాలికి విశ్రాంతి."

మోటారు అట్టపెట్టె బల్ల కింద ఉంది. విప్పలేదు.

"కాలికి విశ్రాంతి ఇచ్చీ ఇచ్చీ కదే ఇలా అయింది."

"నోరు మూసుకుని కుట్టుకో," అంది అక్క. అంటే ఆమెకి ఏడుపొస్తోందని అర్థం.

అతను కూర్చున్నాడు. స్టూలు కింద మందపాటి చెక్క ఉంది, మొదటిరోజు ఫిజియో చెప్పినప్పటిది. సీటు ఎత్తు పెంచుకోండి, మోకాలు మరీ వంగకూడదు అంది. రెండు పాదాలూ సమానంగా వెయ్యండి, ఒక్క కాలే కష్టపడకూడదు అంది. అప్పటిదాకా ఎడమ కాలిని పక్కన దాచుకుని కుడి పాదంతోనే నెట్టుకొచ్చినవాడు, ఆరోజునుంచి రెండు పాదాలూ పెడలు మీద పెట్టాడు. మొదటి వారం ఎడమ చీలమండ కిర్రుకిర్రుమంది. తర్వాత సర్దుకుంది. ముందు అరగంట, నెల తిరిగేసరికి గంట, ఇప్పుడు రోజంతా తొక్కినా పేచీ లేదు.

చక్రాన్ని చేత్తో ఒక్క తిప్పు తిప్పాడు. తోలు బెల్టు కదిలింది. పాదాలు ముందుకి, వెనక్కి, మడమ కిందికి, వేళ్ళు కిందికి. గుడ్డ సూది కిందనుంచి జారుతోంది. నారింజ గీత అంచు వెంట కుట్టు పడుతోంది. గీత వంకరపోతే నలభైమంది పిల్లలూ వంకరగా పరిగెత్తినట్టుంటుంది. అందుకని చేతులు గుడ్డ మీద ఆనించి ఊపిరి బిగబట్టినంత నిలకడగా ఉంచాడు.

ఉన్నట్టుండి పాదాలు ఆగిపోయాయి.

మణికట్టు వైపు చూసుకున్నాడు. పట్టీ గుడ్డ మీద హాయిగా పడుకుని ఉంది. మళ్ళీ తొక్కాడు. కింద పెడలు టకటకలాడుతోంది, పైన పట్టీ నిద్రపోతోంది. చెయ్యి ఎంత కుదురుగా ఉంటే అంత మంచి పనివాడు. చెయ్యి ఎంత కుదురుగా ఉంటే ఆసుపత్రిలో అంత పెద్ద సున్నా!

"అక్కా," అన్నాడు. "ఆ ఎలాస్టిక్ ముక్క ఇలా పారెయ్."

పావుగంటలో తయారైపోయింది. మిగిలిన నారింజ గుడ్డతో గడియారమంత సంచీ, లోపల మెత్తటి పొర, రెండువైపులా ఎలాస్టిక్, బిగించడానికి టిచ్ బటన్. ఎవరికి కుట్టినా కుట్టినట్టే, అంచులు మడిచి రెండు వరసలు వేశాడు. పట్టీ అందులో దూర్చి ఎడమ చీలమండకి కట్టుకున్నాడు. అక్క వింతగా చూసింది.

"పిచ్చి ముదిరిందా? గడియారం కాలికి కట్టుకుంటారా ఎవరైనా?"

"కష్టపడేది కాలైతే చేతికి కట్టడమే పిచ్చి," అని మళ్ళీ తొక్కడం మొదలుపెట్టాడు.

బుధవారం మధ్యాహ్నం ఫోను మోగింది. గ్రాఫుగారు.

"నిన్న ఒక్కరోజులో ఇరవైఆరు వేల అడుగులు వచ్చాయండీ మీ పట్టీలో."

టైలరు ముఖం వెలిగిపోయింది. "చూశారా మరి!"

"చూశాను. ఇంట్లో కుక్క ఉందా?"

"లేదండీ. ఏం?"

"మరి ఎవరికి కట్టారు?"

ఒక్క క్షణం అతనికి అర్థం కాలేదు. అర్థమయ్యాక చెవులు వేడెక్కాయి. "నా కాలికే కట్టుకున్నానండీ."

"ఆ చీలమండతో ఇరవైఆరు వేలా? నేను ఆరోగ్యంగా ఉన్నవాణ్ణి, నాకు ఆరువేలు దాటవు! చెయ్యకపోవడం ఒక తప్పు, దానిమీద ఇదొకటి. ఇది కూడా రాసి పెడతాను." ఫోను పెట్టేశాడు.

సున్నా చూపిస్తే సోమరి, వేలు చూపిస్తే మోసగాడు. మనిషి చేసేది ఏమిటో వచ్చి చూసే దారి మాత్రం ఎవరి పుస్తకంలోనూ లేదు. అక్క ఫోను లాక్కుని తిరిగి కలిపి గట్టిగా కడిగేస్తానంది. అతను వద్దన్నాడు. అని మళ్ళీ పనిలో పడ్డాడు గానీ, ఆ పూట కుట్టిన రెండు పంట్లాములు నచ్చక విప్పి మళ్ళీ కుట్టాడు.

గురువారం పన్నెండు గంటలప్పుడు అద్దాల తలుపు బయట ఫిజియో నిలబడి బోర్డు కేసి అయోమయంగా చూస్తోంది. చేతిలో ఫైలు, భుజాన సంచీ. అతనే లేచి తలుపు తీశాడు.

"పట్టీ వెనక్కి తీసుకురమ్మన్నారు సర్," అంది తలొంచుకుని. "నేనే వస్తానన్నాను. నాకు నమ్మబుద్ధి కాలేదు. పేషెంట్లు అబద్ధం చెప్తే నాకు తెలుస్తుంది. మీరు చెప్పినప్పుడు తెలియలేదు."

"కూర్చోండి మేడమ్."

"కూర్చోను. ఆ మిషన్ ఒకసారి చూపించండి, చూసి వెళ్తాను." ఆమె కళ్ళు గదంతా వెతుకుతున్నాయి. "లోపల గదిలో ఉందా?"

"లోపలెందుకుంటుంది? ఇదిగో."

ఆమె కుట్టుమిషను వైపు చూసింది. దాని వెనక చూసింది. మళ్ళీ అతని ముఖం చూసింది. "ఇది కాదు సర్. తొక్కే మిషన్."

"ఇదే కదా తొక్కేది!"

గుండీ కుడుతున్న అక్క సూది గాల్లో ఆగింది.

"మిషన్ తొక్కుతానంటే..." ఫిజియో మెల్లగా కుర్చీలో కూలబడింది. "నేను వ్యాయామశాలలో ఉండే సైకిల్ అనుకున్నాను సర్. కదలకుండా ఒకచోటే ఉండి తొక్కే సైకిల్. సీటు ఎత్తు అన్నది దాని గురించే. మీరు టైలరని నాకు తెలియదు! ఫైల్లో సొంత వ్యాపారం అని ఉంది."

"హ్యాండిల్ గట్టిగా పట్టుకోవద్దన్నారు మీరు. చేతి చక్రం సంగతనుకున్నాను."

ముందు నవ్వింది అక్క. తర్వాత ఫిజియో. ఆ తర్వాత ముగ్గురికీ కళ్ళనీళ్ళు వచ్చేదాకా ఆగలేదు. అలా నవ్వుతూ నవ్వుతూనే ఫిజియో చటుక్కున నేలమీద కూర్చుంది, పెడలు ఎదురుగా. "తొక్కండి సర్."

అతను తొక్కాడు. ఆమె ముఖంలో నవ్వు తగ్గి ఇంకేదో వచ్చింది. పాదం ఎంత లేస్తోందో, మడమ ఎంత దిగుతోందో కళ్ళార్పకుండా చూసింది. సంచీలోంచి కోణాలు కొలిచే ప్లాస్టిక్ స్కేలు తీసి, అతన్ని బల్లమీద కూర్చోబెట్టి చీలమండ దగ్గర ఆనించింది. ఫైలు చూసింది. మళ్ళీ ఆనించింది.

"మొదటిరోజు పాదం పైకి మూడు డిగ్రీలే వంగింది. ఇప్పుడు తొమ్మిది." స్కేలు ఫైలు మీద పెట్టింది. "సైకిల్ తొక్కి ఉంటే మోకాలికి మంచిది. చీలమండకి ఇంత వచ్చేది కాదు. నేను చెప్పింది ఒక మిషన్ గురించి, పనిచేసింది ఇంకో మిషన్."

టైలరు డ్రాయరు లాగి కొలతల పుస్తకం తీశాడు. నడుములు, ఛాతీలు, చేతుల పొడవులు. మధ్యలో ఒక పేజీలో పేరు లేదు, 'ఎడమ పిక్క' అని మాత్రం ఉంది. నెల నెలా తారీఖు వేసి రాసుకున్నాడు. పన్నెండు అంగుళాలు. పన్నెండుంపావు. పోయినవారం పన్నెండున్నర మీద ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు.

"ఎవరికీ చూపించాలని కాదు మేడమ్. ఏది కనిపించినా టేపు పెట్టడం అలవాటు."

ఆమె తన టేపు తీసి పిక్క చుట్టూ పెట్టింది. "ముప్ఫైరెండు సెంటీమీటర్లు." పెన్నుతో లెక్కవేసి అతని పుస్తకం పక్కన పెట్టి చూసింది. నూలు తేడా లేదు.

"తప్పు నాది సర్. క్షమించండి," అని, వెంటనే ఫిజియో అయిపోయి వేలు చూపించింది. "కానీ గంటకోసారి లేవాలి. చీలమండ వెచ్చబడినా, లోపల చిమచిమలాడినా ఆ క్షణమే ఆపాలి, నాకు ఫోను చెయ్యాలి. ఇరవైఆరు వేలు ఎక్కువ. తగ్గించండి."

"మరి నలభై పంట్లాములు?"

"పిల్లలు ఒకరోజు ఆలస్యంగా పరిగెడతారు."

శుక్రవారం పెద్దడాక్టరుగారి గదిలో గ్రాఫుగారు తన గీతలతో సిద్ధంగా ఉన్నాడు. ఫిజియో టైలరుని వెంటబెట్టుకుని వచ్చి ఒక్క గుక్కలో జరిగిందంతా చెప్పేసింది. పెద్దడాక్టరు తెల్లజుట్టు ముడివేసుకున్న పెద్దావిడ. విన్నంతసేపూ కళ్ళజోడు తుడుచుకుంటూనే ఉంది.

"కుట్టుమిషను మన వ్యాయామాల జాబితాలో లేదండీ," అన్నాడు గ్రాఫుగారు. "కంప్యూటరు తీసుకోదు. పిక్క కొలత అంటారా, ఆయన పుస్తకంలో ఆయన రాసుకున్నది. దాన్ని పట్టుకుని ఎలా నమ్ముతాం?"

టైలరు మూడు రోజులనుంచి బిగబట్టుకున్నది బయటికి వచ్చింది, కోపంగా కాదు, పనివాడి గొంతుతో. "ఏమనుకోకండి. మీ ఎడమ భుజం కుడి భుజం కన్నా అర అంగుళం కిందికి ఉంటుంది. మీకు కుట్టినవాళ్ళు రెండూ ఒకటే అనుకుని కుట్టారు. అందుకే చొక్కా అటు జారుతుంది, మీరు మాటిమాటికీ లాక్కుంటుంటారు."

గ్రాఫుగారి చెయ్యి అప్పటికే ఎడమ భుజం మీద ఉంది. ఠక్కున తీసేశాడు.

"కొలువమ్మా," అంది పెద్దడాక్టరు ఫిజియోతో.

గ్రాఫుగారిని గోడకి ఆనించి నిలబెట్టి నేలనుంచి కొలిచారు. కుడి భుజం, ఎడమ భుజం. అర అంగుళం. ఒక్క నూలు ఎక్కువ లేదు, తక్కువ లేదు.

పెద్దావిడ పకపకా నవ్వింది. "వట్టి కంటితో ఇంత చెప్పినవాడు, టేపు పెడితే ఎంత చెప్తాడయ్యా!" తర్వాత నవ్వాపి టైలరు చెప్పు విప్పించి, పాదాన్ని తన అరచేతిలో పెట్టుకుని పైకి వంచి చూసింది. ఆ పాదాన్ని ఆమె చాలా ఏళ్ళుగా ఎరుగును. తలెత్తి, "రక్తం కారింది ఎన్నిసార్లు?" అని అడిగింది.

"సున్నా," అంది ఫిజియో. "అంతకుముందు మూడు నెలల్లో నాలుగుసార్లు."

"ఆ సున్నా ఎవరూ చూడలేదేం?"

ఆమె ఎర్ర పెన్నుతో తీసేసే లిస్టులో ఒక పేరు కొట్టేసి, గ్రాఫుగారి వైపు తిరిగింది. "కంప్యూటరు తీసుకోకపోతే తీసుకునేలా చెయ్యి. కుట్టుమిషను, కాలితో. కొత్త వరస కలుపు. పట్టీ ఎవరి పనిని బట్టి వాళ్ళకి ఎక్కడ కట్టాలో ముందు వెళ్ళి చూసి రండి." తర్వాత టైలరు కాలినుంచి విప్పిన నారింజరంగు సంచీని తిప్పి తిప్పి చూసింది. "ఇలాంటివి మిగతావాళ్ళకి కూడా కావాలి. కుట్టి పెడతావా నాయనా?"

"నాలుగు రోజులు టైమివ్వండి డాక్టరుగారూ. గంటకోసారి లేవమన్నారు."

గ్రాఫుగారు గుమ్మం దాకా వెంటవచ్చాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "కుక్క మాట అనకుండా ఉండాల్సింది. తప్పయిపోయింది." ఒక్క క్షణం ఆగి, "ఈ భుజానికి ఏమైనా చెయ్యొచ్చాండీ?"

"లోపల చిన్న మెత్త పెడితే మీ అమ్మగారు కూడా కనిపెట్టలేరు. ఆదివారం రండి."

బయట అక్క బెంచీ మీంచి లేచి నిలబడింది. అడగలేదు, తమ్ముడు ముఖం చూసింది. అంతే, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇంటికెళ్ళగానే ఆ మోటారు బావకి తిరిగి ఇచ్చెయ్," అన్నాడతను.

లిఫ్టు ముందు ఎప్పటిలాగే జనం. అతను మెట్లవైపు నడిచాడు. అక్క పరుగున వచ్చి ముందు దిగబోయింది. ఆమెని భుజం పట్టుకుని పక్కకి జరిపి, రెయిలింగు మీద చెయ్యి ఆనించి ఎదురుగా తిరిగే నిలబడ్డాడు. కుడి పాదం ఒక మెట్టు దిగింది. ఎడమ పాదం దాని పక్కన ఆగలేదు. దాన్ని దాటుకుని తర్వాతి మెట్టు మీద పడింది. పెడలు మీద మడమ ఎలా దిగుతుందో అలా దిగింది. మళ్ళీ కుడి. మళ్ళీ ఎడమ. అందరూ దిగేలాగే, పాదం తర్వాత పాదం.

అక్క పైనే ఉండిపోయింది. నలభై ఏళ్ళుగా ఆ మాట అనడానికే పుట్టిన నోరు తెరుచుకునే ఉంది, మాట మాత్రం రాలేదు. కళ్ళు తుడుచుకుని గబగబా రెండేసి మెట్లు దిగబోయి, చీర కాలికి తగిలి తూలింది.

అతను కింద మలుపులో ఆగి వెనక్కి తిరిగాడు. ముఖమంతా నవ్వుతో చెయ్యి చాపాడు.

"మెల్లగా అక్కా," అన్నాడు. "మెల్లగా."